పది అని రాసి ఉన్న ఏడున్నర కిలోలు

నాయుడుపేటలో నా గురించి ఎవరినడిగినా మొదట చెప్పేది స్వర్ణముఖి వరద కథే. వరదలో కొట్టుకుపోతున్న గేదెను నేను ఒంటి చేత్తో గట్టుకు లాగేశానని, రెండో చేతిలో గొడుగు పట్టుకునే ఉన్నానని. ఆ కథ పుట్టించింది నేనే. మొదటిసారి చెప్పినప్పుడు అది దూడ. రెండేళ్లకు గేదె అయింది. గొడుగు ఎప్పుడు చేరిందో నాకే గుర్తు లేదు.

శ్రీహరికోటలో రాకెట్ ఎగిరితే మా జిమ్ములో కిటికీ అద్దాలు అదురుతాయి. ఇది నిజం. ఆ అదురుకు స్టాండు మీద నుంచి జారిన ఇరవై కిలోల ఇనుప బిళ్లను రెండు వేళ్లతో పట్టుకున్నానని చెప్పేవాణ్ణి. ఇది నిజం కాదు. ఇలా ఒక నిజానికి ఒక అబద్ధం జత చేసుకుంటూ ఇరవై రెండేళ్లు బరువులెత్తడం నేర్పే కోచ్‌గా నెట్టుకొచ్చాను. మోకాళ్లు అరిగి మానేశాను. యాభై నిండకుండానే రిటైరైన వాణ్ణి. ఇప్పుడు గూడూరు నిమ్మకాయల మార్కెట్‌లో మా బావమరిది మండీలో కూర్చుంటున్నాను.

అక్కడికి కూడా వస్తుంటారు, ఈమధ్య కొత్తగా కోచ్‌లైన తమ్ముళ్లు. అందరిదీ ఒకటే ప్రశ్న. "అన్నా, మా దగ్గర చేరినోళ్లు మొదట మూడు నాలుగు నెలలు వారం వారం బరువు పెంచుకుంటా పోతారు. ఆ తర్వాత ఒకచోట ఆగిపోతారు. అరకిలో కూడా పెరగరు. అప్పుడేం చెయ్యాల?"

దానికి జవాబు చాలా చిన్నది. నాకు ఒకాయన ఎప్పుడో చెప్పాడు. నేను వినలేదు. విననందువల్ల ఏమైందో ఇక్కడ రాస్తున్నాను. ఇందులో గేదె లేదు, గొడుగు లేదు.

పులికాట్ సరస్సు ఒడ్డున ఒక పల్లె నుంచి ఒక అమ్మాయి మా జిమ్ముకు వచ్చింది. తండ్రి సరస్సులో వల వేస్తాడు, తల్లి నాయుడుపేట మార్కెట్‌లో చేపలు అమ్ముతుంది. ఈ పిల్ల ఇంటర్‌తో చదువు ఆపి రొయ్యల షెడ్డులో పనికి పోతోంది. తెల్లారకముందే మంచునీళ్లలో చేతులు పెట్టి రొయ్యల తలకాయలు తీసి, తొక్క ఒలవడం. ఆ షెడ్డుకు లారీ తోలే ఒకతను మా జిమ్ముకు వచ్చేవాడు. "ఇద్దరు మగోళ్లు పట్టే మంచుపెట్టె ఆ పిల్ల ఒక్కతే ఎత్తి లారీలో పెడతాదన్నా" అన్నాడు. నేను నమ్మలేదు. అబద్ధాలు చెప్పేవాడు పక్కవాడి మాట చస్తే నమ్మడు.

మొదటిరోజు అడిగాను. "ఎప్పుడైనా బరువులెత్తినావా పాపా?"

"రోజూ ఎత్తతానన్నా."

"ఏం బరువులు?"

"రొయ్యలు."

జిమ్మంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. ఆ ఊపులో గేదె కథ మొదలుపెట్టాను. కథ అయ్యాక అందరూ ఆహా అన్నారు. ఆ పిల్ల మాత్రం, "గేదె ఎన్ని కిలోలుండింది అన్నా?" అంది.

ఇన్నేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. "నాలుగొందలు" అన్నాను.

"తడవకముందా, తడిసినాకా?"

ఈసారి నవ్వు నా మీద. నేనూ నవ్వేశాను కానీ, ఆమె నవ్వలేదు. నిజంగానే లెక్క కోసం అడిగింది. బరువు అనేది వాళ్ల ఇంట్లో వేళాకోళం కాదని నాకు అప్పుడే తెలియవలసింది. ఆ రోజు నేను చెప్పిన కథలన్నీ నాకు గుర్తున్నాయి. ఆమె పొద్దున ఎన్నింటికి లేస్తుంది, ఏం తిని వస్తుంది అని మాత్రం నేను అడగలేదు. అడగలేదు కాబట్టి గుర్తుండే అవకాశమే లేదు.

బిళ్లలు తగిలించిన ఇనుప బారును నేల మీద నుంచి రెండు చేతులతో పట్టి, నిటారుగా నిలబడేదాకా లేపడం, అదే డెడ్‌లిఫ్ట్. చూడటానికి మొరటు పని. ఆ పిల్ల దాన్ని బిందె ఎత్తినట్టు ఎత్తేది. నలభై కిలోలతో మొదలుపెట్టాం. వారం వారం పెరుగుతూ వచ్చింది. అరవై, డెబ్బై అయిదు, ఎనభై అయిదు. ఆమె ఒంటి బరువు యాభై లేదు. ఏడాది చివర్లో నెల్లూరులో జిల్లా ఎంపికలు. ఆమె బరువు తరగతిలో మొదటి ఇద్దరికీ ప్రభుత్వ క్రీడా హాస్టల్లో సీటు. తిండి, పడక, కోచింగు, ఆగిపోయిన చదువు, అన్నీ అక్కడే. ఇరవై నిండితే తీసుకోరు. ఆమెకు వచ్చే ఏడు ఇరవై నిండుతుంది. అంటే ఈసారి తప్పితే మళ్లీ షెడ్డే, మంచునీళ్లే.

"సీటొస్తే ఏం చదువుతావు?" అన్నాను ఒకసారి.

"ఏదైనా సరే. చేతులు తడవకుండా చదివేది ఏదైనా" అంది.

తొంభై దగ్గర ఆగిపోయింది.

మొదట వారం అనుకున్నాం, తర్వాత నెల. తొంభై లేచేది, అదీ కిందా మీదా పడి. దాని మీద రెండున్నర కిలోలు వేస్తే బారు మోకాలి కిందిదాకా వచ్చి, గోడకు తగిలినట్టు ఆగిపోయేది. నేను పక్కన నిలబడి అరిచేదాన్ని బట్టి కొంచెం పైకీ కిందకీ తేడా ఉండేదేమో గానీ, మోకాలు దాటింది లేదు. మూడు నెలలు అంతే. ఆమె మొహం పీక్కుపోయింది. బారు దించాక కాసేపు అలాగే వంగి ఉండిపోయేది.

మా జిమ్ములో ఇంకో కోచ్ ఉండేవాడు. మిలిటరీలో చేసి వచ్చినాయన, నాకంటే పదేళ్లు పెద్ద. మాట్లాడితే ఏదో పోతుందన్నట్టు ఉండేవాడు. నా కథలకు నవ్వనివాడు ఆయన ఒక్కడే. ఒకరోజు నన్ను పక్కకు పిలిచాడు.

"ఆ పిల్ల ఎన్నింటికి లేస్తాది?"

"ఏమో అన్నా."

"మధ్యాహ్నం ఏం తింటాది?"

"తిండికీ దీనికీ ఏం సంబంధం? ఇది మనసులో పడిన ముడి. తొంభై దాటలేనని భయం పట్టుకున్నాది."

"ముడి లేదు, ఏం లేదు. ఒంట్లో ఏమీ మిగల్లేదు. నేనడిగినా. మూడింటికి లేస్తాదంట. రెండింటిదాకా షెడ్డులో నిలబడే పని. రెండున్నర బస్సు తప్పిపోతాదని అన్నం తినకుండా ఎక్కతాది. బస్టాండులో ఒక బన్ను. వారానికి నాలుగు రోజులు లాగిస్తా ఉండావు నువ్వు. ఒక వారం సగం బరువుకి దించు. ఆ తర్వాత రెండు రోజులే రమ్మను. తిని రమ్మను, నిద్ర పొమ్మను. బరువు దానంతట అదే పెరగతాది."

తమ్ముళ్లూ, మీరు అడిగే ప్రశ్నకు జవాబు ఇదే. ఇంతే. ఆ రోజు జిమ్ము గుమ్మం దగ్గర, చెప్పులు వేసుకుంటూ ఆయన చెప్పేశాడు.

నేనేమన్నానో తెలుసా? "ఎంపికలు తొమ్మిది వారాల్లో పెట్టుకుని బరువు దించమంటావేందన్నా? యుద్ధానికి పోతా కత్తి ఇంట్లో పెట్టిపొమ్మన్నట్టుంది."

"యుద్ధం నేను చూసినా అబ్బయ్యా, నువ్వు చూళ్లేదు" అని వెళ్లిపోయాడు.

ఆయన మాట వింటే నాకు చేయడానికి ఏమీ మిగలదు. అదీ నా బాధ. పిల్ల పెరిగితే నిద్ర వల్ల పెరిగింది, అన్నం వల్ల పెరిగింది అంటారు. నా పేరు ఎక్కడా రాదు. అందుకని నాకు చేతనైన పని నేను చేశాను.

హైవే పక్కన నాకు తెలిసిన లేత్ షాపు ఉండేది. పది కిలోల ఇనుప బిళ్లలు రెండు సంచిలో వేసుకుని పోయాను. వెనకవైపు నుంచి తొలిచి, ఒక్కో దాంట్లో రెండున్నర కిలోలు తగ్గించమన్నాను. ముందువైపు 'పది' అన్న అచ్చు చెక్కు చెదరకూడదు.

లేత్ అతను బిళ్లను అటూ ఇటూ తిప్పి చూశాడు. "మంచి ఇనుమును తొలిచి పారేసేది ఎందుకన్నా?"

"సైన్సు."

"ఏందీ, రాకెట్‌కా?"

"రాకెట్‌కే."

"అట్నా. అయితే బాగా చేస్తా" అన్నాడు పాపం. బాగానే చేశాడు. నల్లరంగు కూడా వేసిచ్చాడు. ఎదురుగా చూస్తే పది, తూస్తే ఏడున్నర.

లెక్క తేలిక. బారుకు అటొకటి ఇటొకటి ఆ బిళ్లలు వేస్తే, పైకి తొంభై అయిదు కనిపిస్తుంది, నిజానికి తొంభై ఉంటుంది. తొంభై ఆమె ఎలాగూ ఎత్తుతుంది. ఎత్తాక, తొంభై అయిదు ఎత్తానన్న ధైర్యం వస్తుంది. ఆ ధైర్యంతో నిజం తొంభై అయిదు కూడా లేస్తుంది. అప్పుడు నవ్వుతూ అసలు సంగతి చెప్పి, బిళ్లలు తిప్పి చూపించి, అందరిచేత ఆహా అనిపించుకుంటాను. కథ చివరతో సహా నా దగ్గర సిద్ధంగా ఉంది.

ఆమె ఎత్తింది. చప్పట్లు కొట్టారు. నేను ఎగిరి గంతేశాను. ఆమె మాత్రం బారు దించి, తన రెండు అరచేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. సంతోషం పట్టలేక అలా చేస్తోందనుకున్నాను.

మర్నాడు వాళ్లమ్మ మార్కెట్ నుంచి నేరుగా గంపతో జిమ్ముకు వచ్చింది. గుమ్మం దాటి లోపలికి రాలేదు. "మా పాప తొంభై అయిదు ఎత్తినాదంట గదా సారూ. మూణ్ణెల్ల నుంచి సరిగ్గా అన్నం గూడా తినకుండా ఏడస్తా ఉండింది. మీ దయ" అని, కాళ్లు కట్టేసిన పీతలు అరడజను నా చేతికిచ్చింది. ఇంట్లో పులుసు పెట్టించుకుని తిన్నాను. బాగున్నాయని కూడా గుర్తుంది నాకు.

నిజం తొంభై అయిదు లేవలేదు. ఒకరోజు ఆమెకు తెలియకుండా మంచి బిళ్లలతో వేసి చూశాను. మోకాలి కిందే ఆగింది. "ఈ రోజు ఏమో అన్నా, రాలేదు" అంది. ఇక్కడైనా ఆగాలి కదా. నేను ఇంకో రెండు బిళ్లలు పట్టుకుని లేత్ షాపుకు పోయాను.

నాలుగు దొంగ బిళ్లలతో ఆమె 'నూరు' ఎత్తింది. అదీ తొంభైయే.

మిలిటరీ అన్న ఆ రోజు నా పక్కకు వచ్చి, "ఇన్నేళ్లలో నువ్వు ఎవరి బారుకైనా నీ చేత్తో బిళ్లలెక్కించింది చూళ్లేదే. నెల నుంచి ఆ పిల్ల బారుకు నువ్వే ఎక్కించి నువ్వే దించతా ఉండావు. ఏంది కత?" అన్నాడు.

"శ్రద్ధన్నా" అన్నాను.

ఎంపికల రోజు నెల్లూరు పోయాం. ఆమె, నేను. వాళ్లమ్మ బస్సెక్కిస్తూ ఆమె నడుముకు కట్టుకునే తోలు బెల్టుకు పసుపు రాసింది. ఆ బెల్టు నాదే. 'నూరు' ఎత్తిన రోజు ఇచ్చాను.

హాల్లో బల్ల దగ్గర చీటీ ఇచ్చారు. మొదటి ప్రయత్నానికి ఎంత బరువు కావాలో రాయాలి. మొత్తం మూడు ప్రయత్నాలు. ఒకసారి చెప్పిన బరువును పెంచుకోవచ్చు, తగ్గించుకోవడానికి లేదు. మూడూ తప్పితే పోటీలో పేరే ఉండదు, ఎంత ఎత్తగలిగినవాళ్లయినా సరే. ఇది ప్రతి కోచ్‌కూ తెలిసిన నియమం. అందుకే మొదటిది ఎప్పుడూ నిద్రలో లేపినా ఎత్తగలిగే బరువు రాస్తారు.

నేను ఎనభై అయిదు రాయాలని నెల్లూరు వచ్చేదాకా బస్సులో అనుకుంటూనే ఉన్నాను. కలం పట్టుకున్నాను. ఆమె నా భుజం మీదుగా చూస్తోంది.

"తొంభై అయిదు రాయండన్నా. నూరు ఎత్తేసినాం గదా."

ఎత్తేసినాం అంది. ఎత్తేశాను అనలేదు.

ఎనభై అయిదు రాయాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెప్పాలంటే లేత్ షాపు దగ్గర నుంచీ చెప్పాలి. పోటీకి అరగంట ముందు, ఆ హాల్లో, పది మంది కోచ్‌ల మధ్య. ఇరవై ఏళ్లుగా నోరు తెరిస్తే ఆగనివాణ్ణి, ఆ ఒక్క నిమిషం నా నోట మాట రాలేదు. తొంభై అయిదు రాసి ఇచ్చాను. జనం ముందు ఊపొస్తుంది, అయిదు కిలోలు ఎంతలే అనుకున్నాను. అనుకోవడమేమిటి, దేవుడికి మొక్కుకున్నాను.

మొదటిసారి బారు మోకాలి కిందిదాకా వచ్చి ఆగింది. తప్పిందని మూడు ఎర్ర లైట్లు వెలిగాయి.

నా వైపు చూసింది. "బెదురు, అంతే" అన్నాను.

రెండోసారి అక్కడిదాకా కూడా రాలేదు.

మూడోసారికి ముందు ఆమె నా దగ్గరికి వచ్చి, చాలా నెమ్మదిగా, "అన్నా, ఇక్కడి తొంభై అయిదు మన తొంభై అయిదు కాదు" అంది.

"ఇనుము ఎక్కడైనా ఇనుమే పాపా. పో, లాగు" అన్నాను.

లాగింది. ఆమె కాళ్లు వణకడం, మెడ నరాలు పొంగడం నేను ఇంకా చూస్తూనే ఉన్నాను. బారు మోకాలి మీదికి వచ్చింది. ఇన్ని నెలల్లో ఎప్పుడూ రానంత పైకి వచ్చింది. అక్కడ నిలబడింది. హాలంతా అరుస్తోంది. తర్వాత వేళ్లు ఒక్కొక్కటే విడిపోయాయి.

ఆమె తరగతిలో ఆ రోజు పోటీ పడింది ముగ్గురే. మొదటి అమ్మాయి నూట అయిదు ఎత్తింది. రెండో అమ్మాయి ఎనభై ఏడున్నర. సీటు ఎనభై ఏడున్నరకు వెళ్లిపోయింది. మా పిల్ల అయిదు నెలల నుంచీ తొంభై కిలోలు ఎత్తుతూనే ఉంది. ఆ చీటీ మీద నేను నిజం రాసి ఉంటే చాలు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. గూడూరు బస్టాండులో బస్సు ఆగినప్పుడు, బయటికే చూస్తూ అడిగింది.

"అన్నా, ఒక మాట. మన పది కిలోల బిళ్లలు తేలిక గదా?"

"ఎవరన్నారు?"

"ఎవరూ అన్లేదు. ఒకరోజు మీరు ఫోను మాట్లాడతా ఉంటే నేనే తీసి స్టాండులో పెట్టినా. ఏడు, ఏడున్నర అనిపించింది. షెడ్డులో మా తూకం నేనే చూస్తానన్నా. కాటా దగ్గరోడు ఎప్పుడూ దొంగ తూకమే. బేసిను చేత్తో ఎత్తి ఇంతుండాదని నేను చెప్తే, ఆడోళ్లందరూ అంతే ఉండాదని పోట్లాడతారు. మళ్లీ తూస్తే అంతే ఉంటాది. నా చెయ్యి తప్పదని పేరు." నా వైపు తిరిగింది. "అది తేలిక గదా?"

ఇంతకంటే మంచి తలుపు నాకు ఎవరు తెరుస్తారు? దాటుకుని బయటపడవచ్చు. నేను ఆమె మొహంలోకి చూసి, "లేదు పాపా, పదే" అన్నాను.

"అట్నా" అంది. బస్సు కదిలాక, "అయితే నా చెయ్యే పొయ్యింది. నేనూ అట్నే అనుకున్నాలే. రెణ్ణెల్ల నుంచి షెడ్డులో నోరెత్తడం మానేసినా. ఎనిమిదిన్నర అనిపిస్తాది, వాడు ఏడు అంటాడు. నా చెయ్యి మంచిది కాదులే అని ఊరుకుంటా ఉండా. మా వాళ్లందరూ ఏడుకే ఇచ్చి పోతా ఉండారు" అంది.

నేను అప్పటికీ చెప్పలేదు. నాయుడుపేటలో దిగి, ఆమె తన పల్లె బస్సెక్కేదాకా పక్కనే నిలబడి, చెయ్యి ఊపాను.

రెండు రోజుల తర్వాత నాలుగు బిళ్లలూ తీసుకెళ్లి మిలిటరీ అన్న ముందు బోర్లా పెట్టాను. ఆయన ఒకదాని వెనక్కి వేలు పెట్టి తడిమాడు. "తొలిచినోడెవడో పనితనం ఉండేవాడే" అన్నాడు. తిడతాడని చూశాను. తిట్టలేదు.

"ఆ పిల్లకి చెప్పినావా?"

"లేదన్నా."

"నాకు చెప్తే ఏం లాభం?" అని లేచిపోయాడు. ఆ తర్వాత నేను మానేసేదాకా ఆయన నాతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. ముందూ అంతే అనుకోండి. కానీ రెండు మౌనాలకూ తేడా నాకు తెలుసు.

ఆమె రావడం మానేసింది. ఫోను చేస్తే తీయలేదు. వాళ్లమ్మ మార్కెట్‌లో కనబడితే నేనే సందులోకి తిరిగేవాణ్ణి. అయిదు వారాలు.

ఒకరోజు మధ్యాహ్నం బెల్టు పట్టుకుని వచ్చింది, తిరిగి ఇచ్చేయడానికి. ఆ రోజు శ్రీహరికోటలో రాకెట్ ఎగరేస్తున్నారు. జిమ్ములో ఉన్న పదిమందీ చూడటానికి మిద్దె మీదికి పోయారు. కింద నేనొక్కణ్ణే ఉన్నాను.

మనిషి మారిపోయింది. బుగ్గలు నిండాయి, కళ్ల కింద నలుపు పోయింది. చెరువుల్లో రొయ్యకు తెగులొచ్చి సరుకు లేక షెడ్డు నెల నుంచి మూశారట. "తినడం, పండుకోవడం. ఇంకేం పనుండాదన్నా" అంది. బెల్టు బల్ల మీద పెట్టి వెళ్లబోయింది.

"ఉండు పాపా" అన్నాను. బల్ల కింది నుంచి ఆ నాలుగు బిళ్లలూ తీసి, బోర్లా పరిచాను. మాట్లాడటానికి నోరు తెరిచాను గానీ, ఆమె అప్పటికే వంగి ఒకదాన్ని చేతిలోకి తీసుకుంది. కొంచెం పైకీ కిందకీ ఆడించింది.

"ఏడున్నర" అంది.

"ఏడున్నరే. నేనే తొలిపించినా. బస్సులో నీతో అబద్ధం చెప్పినా."

తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఆమె ఒక్కో బిళ్లా ఎత్తి చూసి, నాలుగూ చూశాక, గట్టిగా ఊపిరి వదిలింది. "అంటే నా చెయ్యి బాగానే ఉండాది" అంది. సీటు ఊసు ఎత్తనేలేదు. నాకు అన్నిటికంటే కష్టమైంది అదే.

తర్వాత బెల్టు మళ్లీ చేతిలోకి తీసుకుంది. "నిజం నూరు వెయ్యండన్నా. ఎంత ఉంటాదో పట్టుకుని చూస్తా."

వేశాను. ఇరవై కిలోల బారు, అటు రెండు ఇరవైలు, ఇటు రెండు ఇరవైలు. అన్నీ ఆమెను పట్టుకుని చూడనిచ్చే వేశాను. మామూలుగా మేం బిళ్లలు జారకుండా లాకులు పెట్టం. ఆ రోజు భయానికి రెండువైపులా పాత ఇనుప లాకులు కూడా బిగించాను. అయిదు వారాలు బారు ముట్టని పిల్ల, మహా అయితే నేల విడిపిస్తుంది అనుకున్నాను.

వంగింది. పట్టుకుంది. బారు నేల విడిచింది. మోకాలి కిందిదాకా వచ్చింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి మోకాలు దాటింది. ఆమె నిటారుగా నిలబడింది. మోచేతులు తిన్నగా, భుజాలు వెనక్కి. ఎక్కడా వణుకు లేదు. దించకుండా అలాగే నిలబడి, కళ్లు సగం మూసి, వేళ్లను కొంచెం సర్దుకుంది.

"నూరు కాదన్నా" అంది. "ఇంకో రెండు కిలోలుండాయి."

అప్పుడే రాకెట్ మోత వచ్చింది. కిటికీ అద్దాలు అదిరాయి. ఆమె బారు దించింది.

లాకులు విప్పి, పక్కనున్న పాత ఇనుము కొట్టులోకి పరుగెత్తి తూకం వేయించాను. రెండూ కలిపి రెండు కిలోలు. పది గ్రాములో ఇరవై గ్రాములో అటూ ఇటూ.

మిద్దె మీద నుంచి అందరూ దిగి వచ్చారు. నేను రొప్పుతూ చెప్పాను. "పాప నూట రెండు ఎత్తినాది! ఇప్పుడే! నా కళ్ల ముందర!"

ఎవరో, "రాకెట్ గూడా నువ్వే ఎగరేసినావా అన్నా?" అన్నారు. జిమ్మంతా పగలబడి నవ్వింది. ఆమె కూడా నవ్వింది, కొంచెం. మళ్లీ ఎత్తి చూపించమ్మా అని ఎవరూ అడగలేదు. అరచేతులు తుడుచుకుని, బెల్టు బల్ల మీద పెట్టి, బస్సు టైమైందని వెళ్లిపోయింది.

ఎంపికలు జరిపిన పెద్దమనిషి దగ్గరికి నెల్లూరు పోయాను. మంచివాడు, కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. సీటు మిగలలేదు, మిగిలినా నియమం ఒప్పుకోదు అన్నాడు. అయినా సరే, ఆ పిల్ల నూట రెండు ఎత్తిందని ఒక్క ముక్క రాసి పెట్టుకోమని బతిమాలాను. "ఎవరు చూసినారు?" అన్నాడు. "నేను" అన్నాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, నవ్వు ఆపుకుంటూ, "గొడుగు ఉండిందా అప్పుడు?" అన్నాడు. నా కథ నాకంటే ముందే నెల్లూరు చేరి కూర్చుంది.

షెడ్డు మళ్లీ తెరిచారు. ఆమె మళ్లీ పనికి పోయింది. ఇరవై నిండింది. తెరిచిన రోజే కాటా దగ్గరవాణ్ణి నిలేసి, బేసిను మళ్లీ తూయించి, ఎనిమిదిన్నర అనిపించిందట. లారీ అతను చెప్పాడు. అంతకు మించి ఆమె సంగతి నాకు తెలియదు. తెలుసుకోవాలంటే ఆ పల్లెకు పోవాలి. పీతలిచ్చిన తల్లి కళ్లలోకి చూడాలి. ఇప్పటిదాకా పోలేదు.

మండీలో సాయంత్రం నిమ్మకాయల బస్తాలు తూకం అయిపోయాక హమాలీలు చుట్టూ చేరి, "ఒక కత చెప్పు సామీ" అంటారు. గేదె కథ చెబితే నోరు తెరుచుకుని వింటారు. ఒకటి రెండుసార్లు ఈ కథ చెప్పాను. రొయ్యలు ఒలిచే పిల్ల నూట రెండు కిలోలు నిలబెట్టి పట్టుకుని, లాకుల బరువు కూడా చెప్పిందంటే, భలే కోస్తావు సామీ అని వీపు చరిచి పోయారు.

తమ్ముళ్లూ, మీరూ నమ్మకపోవచ్చు. నేను చెప్పిన అబద్ధానికైతే సాక్ష్యం ఉంది. ఆ నాలుగు బిళ్లలూ మండీలో నా కుర్చీ కిందే ఉన్నాయి. ఎవరొచ్చినా కాటా మీద పెట్టి చూపిస్తాను, ఒక్కొక్కటీ ఏడున్నర. ఆ పిల్ల ఎత్తిన నూట రెండు కిలోలకు మాత్రం నేను తప్ప సాక్ష్యం లేదు.